ప్రాసెసరు లోపములు - పత్రికల వార్తలు

పులివెందుల నుండి ముద్దనూరునకు పోవు మార్గమున తొండూరు కలదు. కడప జిల్లాలో అదియొక మండల కేంద్రము. అచ్చటి రైతొకడు పంట ఋణము కొరకు అడంగలు నకలు కావలసివచ్చి మీసేవ కేంద్రమునకు పోయి సర్వే నంబరు చెప్పును. కొద్ది నిమిషములలో అతని పేరు, పొలము విస్తీర్ణము, వేసిన పంట తెరమీద కనబడును. ఈ వివరములు ఆ గదిలోని కంప్యూటరులో లేవు. ఎచ్చటనో దూరమున నున్న డేటా కేంద్రములో, వరుసలు తీర్చిన యంత్రముల నడుమ నొక యంత్రములో నున్నవి. ఇట్టి కేంద్రములలో ఒక్కొక్క యంత్రమును ఒక్కొక్కరికే కేటాయించుట అరుదు. ఒకే ప్రాసెసరు మీద ఒకే సమయమున పలువురి ప్రోగ్రాములు నడచుచుండును. ఒకరి లెక్క మరొకరి కంట పడకుండ ప్రాసెసరే నడుమ గోడయై నిలుచునను నమ్మకము ఈ ఏర్పాటున కంతటికిని పునాది.

2018 జనవరి మొదటి వారమున ఆ గోడ బీటవారినదని ప్రపంచములోని పత్రికలు చాటినవి. బయటపడిన లోపములకు పేర్లు పెట్టబడినవి. ఒకటి మెల్ట్‌డౌన్, అనగా కరగిపోవుట. రెండవది స్పెక్టర్, అనగా దయ్యము. రెండింటికి బొమ్మలు కూడ గీయించిరి. పేరును బొమ్మయు గల ఆపద వార్తలలో త్వరగా ప్రాకును. కొన్ని వార్తలు చదివిన వారికి ఇంటిలోని ప్రతి కంప్యూటరును, జేబులోని ప్రతి ఫోనును ఆ రాత్రియే దోపిడికి గురియగునేమో యనిపించెను. మరికొన్ని చదివిన వారికి ఇదంతయు రెండు కంపెనీల నడుమ వ్యాపారపు తగవుగా తోచెను. సత్యము ఈ రెండింటిలోను లేదు. అది తెలియుటకు ముందుగా ప్రాసెసరు పనిచేయు తీరును కొంచెము చూడవలెను.

నేటి సామాన్యమైన ప్రాసెసరు సెకనుకు 300 కోట్ల స్పందనలతో పనిచేయును. అనగా ఒక్క స్పందనకు పట్టు కాలము నానోసెకనులో మూడవ వంతు. నానోసెకను అనగా సెకనులో నూరు కోట్లవ భాగము. అంత కాలములో వెలుతురు సైతము 30 సెంటీమీటర్లు, అనగా బడిపిల్లల స్కేలు పొడవు మాత్రమే ప్రయాణము చేయగలదు. ఇంత చురుకైన ప్రాసెసరునకు కావలసిన అంకెలు ప్రధాన మెమరీ నుండి వచ్చుటకు సుమారు 100 నానోసెకనులు పట్టును. ఆ లెక్కన అది 300 స్పందనల కాలము చేతులు ముడుచుకొని కూర్చుండవలెను. పదిమంది కూలీలను పెట్టుకొని విత్తనముల బండి కొరకు పూటంతయు గట్టుమీద కూర్చున్నట్లు.

దీనికి ఇంజనీర్లు రెండు ఉపాయములు పన్నిరి. తరచుగా వాడు అంకెలను ప్రాసెసరు ప్రక్కనే యొక చిన్న మెమరీలో ఉంచుట మొదటిది. దీనిని క్యాష్ అందురు. ఇది డబ్బు అను అర్థముగల మాట కాదు, దాచుచోటు అను అర్థముగల వేరొక మాట. అందులో నున్న అంకె నాలుగైదు స్పందనలలోనే చేతికి వచ్చును. రెండవ ఉపాయము ఊహ. తరువాత రాబోవు పనిని ప్రాసెసరు ముందే ఊహించి చేసి పెట్టుకొనును. ఊహ నిజమైనచో కాలము కలిసివచ్చినట్లే. తప్పైనచో చేసిన దానిని కొట్టివేసి ఏమియు జరుగనట్లే సాగిపోవును. 1995 నుండి వచ్చిన వేగవంతమైన ప్రాసెసరులలో అధికభాగము ఈ పద్ధతినే నడచుచున్నవి. పత్రికలు దీనిని ఎవరో తొందరపాటున చేసిన తప్పిదముగా వ్రాసినవి కాని, కంప్యూటరులకు ఇరువదియేండ్లపాటు వేగము నిచ్చినది ఈ ఊహయే.

చిక్కంతయు "ఏమియు జరుగనట్లే" అనుటలో నున్నది. ఊహించి చేసిన పని కొట్టివేయబడును గాని, ఆ పనికొరకు తెచ్చిన అంకె క్యాష్‌లో నట్లే నిలిచిపోవును. ఒక రికార్డు గదిని మనస్సున నుంచుకొన్నచో ఇది స్పష్టమగును.

ఒక మండల కార్యాలయములో బల్లయొద్ద గుమాస్తా కూర్చుండును. లోపలి గదిలో 0 నుండి 9 వరకు నంబరులు గల పది రిజిస్టరులు కలవు. లోపలినుండి ఏ రిజిస్టరు తేవలెనన్నను బంట్రోతుకు పది నిమిషములు పట్టును. ఒకసారి తెచ్చిన దానిని సాయంకాలము వరకు బల్లమీదనే యుంచుట వాడుక. అదే గదిలో ఎవ్వరికిని చూపరాని రహస్యపు ఫైలొకటి కలదు. ఒక గడుసువాడు వచ్చి, "ఆ రహస్యపు ఫైలులో మొదటి అంకె ఏదియో చూచి, ఆ నంబరు గల రిజిస్టరు నాకు తెప్పించుడు" అనును. ఇతనికి అనుమతి యున్నదో లేదో యని గుమాస్తా పుస్తకము తిరుగవేయుచుండగా, బంట్రోతు కాలము వృథాచేయక ఫైలు తెరచి, అంకె చూచి, ఆ రిజిస్టరును తెచ్చి బల్లమీద పెట్టును. అంతలో గుమాస్తా తల యెత్తి "నీకు అనుమతి లేదు, పొమ్ము" అనును. ఫైలు లోపలికి పోవును. గడుసువానికి ఎవ్వరును ఒక్క మాటయైన చెప్పలేదు. రిజిస్టరు మాత్రము బల్లమీద, కాగితముల చాటున, ఉండిపోయినది.

ఇప్పుడతడు మిక్కిలి వినయముతో, "అయ్యా, 0 నంబరు రిజిస్టరు ఒకసారి ఇప్పించుడు" అనును. ఇది అందరును చూడదగినదే. పది నిమిషములు పట్టును. తరువాత 1, తరువాత 2. ఇట్లు అడుగగా 7 నంబరు మాత్రము అడిగిన వెంటనే చేతికి వచ్చును. రహస్యపు ఫైలులోని మొదటి అంకె 7 అని అతనికి తెలిసిపోయినది. గుమాస్తా తన ధర్మము తప్పలేదు, బంట్రోతు నోరు విప్పలేదు. రహస్యమును చెప్పినది గడియారము.

మెల్ట్‌డౌన్ ఇదియే. నిజమైన యంత్రములో పదికి బదులు 256 స్థానములు వాడుదురు, నిమిషములకు బదులు నానోసెకనులు కొలుతురు. పరిశోధకులు తమ పత్రములో సెకనుకు 500 కిలోబైట్లకు మించి చదువగలిగితిమని చూపిరి. తెలుగున ఒక్కొక్క అక్షర చిహ్నమునకు మూడు బైట్లు పట్టినను, సెకనుకు నూరు పుటల చిన్న పుస్తకమొకటి చదివినట్లు.

స్పెక్టర్ మరికొంత మాయగలది. బస్సు స్టాండు ప్రక్కన నున్న హోటలులో మాస్టారొకరు పది దినములు వరుసగా వచ్చి దోసె అడిగినచో, పదకొండవనాడు ఆయన గడప తొక్కగానే పెనముమీద పిండి పడును. ప్రాసెసరు సైతము ఇట్లే వెనుకటి వాడుకను బట్టి ఊహించును. కనుక దాడి చేయువాడు దానికి కావలెనని తప్పుడు వాడుక నేర్పి, మరొకరి ప్రోగ్రాములో తాను కోరినచోట తప్పుగా ఊహించునట్లు చేయును. మెల్ట్‌డౌన్ ముఖ్యముగా ఇంటెల్ కంపెనీ ప్రాసెసరులలోను, ఆర్మ్ రూపకల్పన చేసిన కొన్నింటిలోను కనబడినది. స్పెక్టర్ మాత్రము ఇంటెల్, ఎ.ఎం.డి., ఆర్మ్ మూడింటికిని తగిలినది. ఊహ యున్నచోటనెల్ల దాని నీడ యున్నది. దానిని పూర్తిగా వదలించుకొనుట కష్టమనియే దయ్యమను పేరు తగినదని కనిపెట్టినవారు తలచిరి.

కనిపెట్టినవారి కథయు విద్యార్థులకు రుచించును. గూగుల్ సంస్థలో పనిచేయుచున్న యాన్ హార్న్ అను 22 ఏండ్ల జర్మను యువకుడు ప్రాసెసరు పనితీరును తెలుపు వేలపుటల గ్రంథములను ఓపికతో చదువుచు ఈ చిక్కును పట్టెను. గూగుల్ వారు 2017 జూన్ 1వ తేదీన కంపెనీలకు రహస్యముగా తెలిపిరి. ఆస్ట్రియా దేశమున గ్రాజ్ నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయములోని డేనియల్ గ్రూస్, మోరిట్జ్ లిప్, మైకేల్ స్క్వార్జ్ అనువారును, మరికొందరును వేరువేరుగా అదే చోటికి చేరిరి. గ్రూస్ తన సొంత కంప్యూటరు మీదనే ప్రయోగము చేయగా, తాను చూచిన వెబ్ చిరునామాలు, తన సొంత ఉత్తరములు బయటికి వచ్చి అతడే నివ్వెరపోయెను.

అందరును కలిసి 2018 జనవరి 9వ తేదీన సంగతి వెల్లడింతమని నిశ్చయించుకొనిరి. ఆ లోపల మందు సిద్ధము చేయుట వారి ఉద్దేశము. ఇట్టి మౌనము దొంగతనము దాచుట కాదు, తలుపు గడియ బాగుచేయువరకు ఊరిలో టముకు వేయకుండుట వంటిది. ఐతే లినక్స్ అను నిర్వాహక వ్యవస్థ యొక్క ప్రోగ్రాము ప్రతి మార్పుతోసహా అందరి కన్నులయెదుట వ్రాయబడును. అందులో ఒక పెద్దమార్పును తొందరగా, తగినంత వివరణ లేకుండ చేర్చుచుండుట చూచి తెలిసినవారు సందేహించిరి. డిసెంబరు చివర ఎ.ఎం.డి. ఇంజనీరొకరు తమ ప్రాసెసరులకు ఈ మార్పు అక్కరలేదని వ్రాయుచు కారణమును కూడ సూచించిరి. జనవరి 2వ తేదీన ది రిజిస్టర్ అను బ్రిటిషు వార్తాపత్రిక అంతర్జాలములో ఆ ముక్కలన్నిటిని కూర్చి సంగతి వెల్లడించెను. మరునాడే పరిశోధకులు పత్రములను ప్రకటింపవలసివచ్చినది. ఆరు దినముల ముందుగా వార్త వచ్చుటవలన మందు చేతిలో లేనివారు అనేకులు రోగము పేరు విని కంగారుపడిరి.

ఆ వార్తలోనే కంప్యూటరుల వేగము 5 నుండి 30 శాతము వరకు తగ్గవచ్చునని యుండెను. తరువాత వ్రాసినవారిలో పలువురి చేతిలో 5 రాలిపోయి 30 మిగిలెను. ఏ పనికి 30, ఏ పనికి 5 అను ప్రశ్నయే పోయినది. జవాబు మన రికార్డు గదిలోనే యున్నది. మెల్ట్‌డౌన్‌కు చేసిన మందు ఏమనగా, రహస్యపు ఫైలులను వీధి కవతలనున్న వేరొక ఇంటికి మార్చుట. దినమున కొకసారి ఆ ఫైలుతో పనియున్న కార్యాలయమునకు ఈ నడక లెక్కలోనిది కాదు. గంటకు నూరుసార్లు పనియున్న దానికి సాయంకాలమునకు కాళ్లు లాగును. వ్యాసము టైపుచేయు ఉపాధ్యాయుని కంప్యూటరు మొదటి రకము, లక్షల లావాదేవీలు నడపు డేటాబేసు రెండవ రకము.

కంపెనీల ప్రకటనలును తక్కువ కలవరము కలిగింపలేదు. జనవరి 3న ఇంటెల్ ఇది తమ ఒక్కరి ప్రాసెసరులకే పరిమితమైనదనుట సరికాదనెను. స్పెక్టర్ విషయమున ఆ మాట నిజము, మెల్ట్‌డౌన్ విషయమున అరనిజము. అమెరికాలోని ప్రసిద్ధ సైబర్ భద్రతా కేంద్రమొకటి మొదట "ప్రాసెసరునే మార్చుకొనుడు" అని సలహా నిచ్చి, మరునాటికే దానిని తీసివేసి "సవరణలు వేసికొనుడు" అని దిద్దుకొనెను. మొదటి సలహా వెళ్లినంత దూరము దిద్దుబాటు వెళ్లలేదు. పైగా సవరణలే కొన్ని యంత్రములను తమంతట తామే ఆగి తిరిగి మొదలగునట్లు చేయుటచే, జనవరి 22న ఇంటెల్ వాటిని వేయుట ఆపుడని కోరవలసివచ్చినది. హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్ల ప్రధానాధికారిగా నున్న మైక్రోసాఫ్ట్ సంస్థయు తన సవరణ కొన్ని ఎ.ఎం.డి. కంప్యూటరులను మొదలుకానీయక చేయుటవలన కొద్దిదినములు నిలిపివేసెను.

నెలాఖరుకు మరొక వార్త వచ్చెను. ఈ లోపములను వాడుకొను దుష్ట ప్రోగ్రాములు నూటికి మించి దొరకినవని. సంఖ్య సరియే. కాని వానిలో అధికభాగము పరిశోధకులు స్వయముగా ప్రకటించిన నమూనాలకు చేసిన మార్పులు, పరీక్షలు మాత్రమే. మన వాడుకలో కంప్యూటరునకు వచ్చు ప్రతి కీడును వైరస్ అనుట అలవాటైనది. లోపము తలుపునకున్న సందు, వైరస్ ఆ సందున దూరు దొంగ. సందు కనబడినంత మాత్రమున దొంగ వచ్చినట్లు కాదు, దొంగ రాలేదని సందును వదలివేయుటయు కాదు.

ప్రాసెసరు లోపము పత్రికల కెక్కుట ఇది మొదటిసారి కాదు. 1994లో అమెరికాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్‌లీ 11, 13 వలెను, 17, 19 వలెను జంటలుగా నుండు ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమములను కూడుచు, తన పెంటియం కంప్యూటరు భాగహారములో తప్పుచున్నదని గ్రహించెను. 4195835ను 3145727చే భాగింపగా 1.33382 రావలెను. ఆ ప్రాసెసరు 1.33374 అని చెప్పెడిది. నాలుగవ దశాంశ స్థానముననే తప్పు. సామాన్యునికి ఈ తప్పు ఎన్నినాళ్ల కొకసారి ఎదురగునని అడుగగా ఇంటెల్ వారు 27,000 సంవత్సరముల కొకసారి యనిరి. అదే ప్రాసెసరుతో కంప్యూటరులు తయారుచేసి యమ్ము ఐ.బి.ఎం. వారు 24 దినముల కొకసారి యనిరి. పత్రికలు రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన అచ్చువేసి పాఠకుని గాలికి వదలినవి. భేదమెచ్చట నున్నదో అరుదుగా చెప్పిరి. ఇంటెల్ ఊహించిన మనిషి దినమునకు వేయి భాగహారములు చేయును, ఐ.బి.ఎం. ఊహించిన మనిషి 42 లక్షలు చేయును. తప్పు దొర్లు సంభావ్యతను గూర్చిన లెక్కయు ఇద్దరికి వేరు. రెండు సంఖ్యలును గణితశాస్త్రరీత్యా తప్పుకావు, ప్రశ్నలే వేరు. తుదకు డిసెంబరు 20న అడిగినవారి కెల్ల క్రొత్త ప్రాసెసరు నిచ్చెదమని ఇంటెల్ ఒప్పుకొనెను. అందుకు 47.5 కోట్ల డాలర్లు ప్రక్కన పెట్టవలసివచ్చినది. పదవ తరగతి విద్యార్థికి సంభావ్యత బోధించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము.

కొన్ని వార్తలలో లాభనష్టములును దాగియుండును. 2018 మార్చి 13న ఇజ్రాయెల్‌లోని ఒక చిన్న సంస్థ ఎ.ఎం.డి. ప్రాసెసరులలో పదమూడు లోపములు కలవని ప్రకటించినది. కంపెనీకి ముందుగా నిచ్చిన గడువు ఒక్క దినము కూడ లేదు. మెల్ట్‌డౌన్‌కు ఏడు నెలలిచ్చిరి. అదేనాడు, షేరు ధర పడినచో లాభమొందు వ్యాపారము చేయు మరొక సంస్థ, ఎ.ఎం.డి. విలువ సున్న యని నివేదిక వెలువరించెను. లోపములు నిజమే. కాని వాటిని వాడుకొనవలెనన్న ఆ కంప్యూటరు మీద ముందే సర్వాధికారము సంపాదించి యుండవలెను. ఇంటి తాళపుచెవి చేతిలోనున్న దొంగ కిటికీ కూడ తెరువగలడు అనుట వంటిది. వారము తిరుగునప్పటికి ఎ.ఎం.డి. సవరణలు చేసెదమని తెలిపినది. మొదటి వార్త పెద్ద అక్షరములలో వచ్చినది.

పెద్ద అక్షరములకును నిజమైన నష్టమునకును గల సంబంధము మన రాష్ట్రములోనే చూడవచ్చును. 2017 మే 12న వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట ప్రాకి, ఫైలులకు తాళము వేసి డబ్బు అడిగెను. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు కార్యాలయములలోని కంప్యూటరులు కొన్ని దానివాత పడినవి. తరువాత కొద్దిదినములకు తిరుమల తిరుపతి దేవస్థానములోని కొన్ని కంప్యూటరులకును అట్టి పీడయే తగిలినది. ఆ దాడి ప్రాసెసరు లోతులలోని సూక్ష్మమైన ఊహ వలన జరుగలేదు. విండోస్‌లోని ఒక లోపము వలన జరిగినది. దానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14ననే సవరణ నిచ్చి యుండెను. ఆ రెండు నెలలలో సవరణ వేసికొనని యంత్రములు చిక్కుకొన్నవి. సవరణ వచ్చిన నాటి వార్త ఎందరు చదివిరి?

మెల్ట్‌డౌన్ వలన భయపడవలసినవారు ఎవరను ప్రశ్నకును ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. గడుసువాడు ముందుగా రికార్డు కార్యాలయములోనికి రాగలుగవలెను. అనగా అతని ప్రోగ్రాము అదే ప్రాసెసరు మీద నడువవలెను. ఒక్కరే వాడు ఇంటి కంప్యూటరులో ఇది వెబ్ పుటల ద్వారమున మాత్రమే సులభము. అద్దెకిచ్చు డేటా కేంద్రములలోనో, అపరిచితుల ప్రోగ్రాములు ఒకే కప్పుక్రింద కాపురమున్నవి. కనుక తొండూరులో కంప్యూటరు లేని రైతుకు కూడ ఈ లోపముతో సంబంధము కలదు. అతని పేరు, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా అతని ఇంటిలో లేవు గదా. ఇంటి కంప్యూటరు బొమ్మ వేసి భయపెట్టిన వార్తలు ఈ సంగతిని మరచినవి.

జేబులోని ఫోనుల విషయమునను అన్నిటిని ఒకే గాటకట్టిరి. చవక ఫోనులలో విరివిగా వాడబడిన ఆర్మ్ కార్టెక్స్ ఎ-53 అను ప్రాసెసరు వచ్చిన పనిని వచ్చిన వరుసలో చేయును, ఈ దాడులకు వలసినంత దూరము ఊహించి పరుగెత్తదు. నెమ్మదితనమే దానికి రక్ష యైనది. రాస్ప్‌బెరీ పై అను చిన్న కంప్యూటరు తొలి రకములు ఇట్టివే. దాని నిర్మాతలలో నొకరైన ఎబెన్ అప్టన్ 2018 జనవరి 5వ తేదీన, తమ కంప్యూటరునకు ఈ లోపము ఎందుకు లేదో చెప్పు నెపమున, నాలుగైదు పంక్తుల కూడికలతో ప్రాసెసరు ఊహను మొదటినుండి పాఠముగా వ్రాసెను. ఆ వారము వచ్చిన వ్రాతలలో ఉపాధ్యాయులు దాచుకొనదగినది అది.

ఆ పాఠమును తరగతిలో ఆటగా కూడ ఆడింపవచ్చును. బడి గ్రంథాలయములోని పది పుస్తకములకు 0 నుండి 9 వరకు నంబరులు వేసి వరండా చివర బల్లమీద పేర్చవలెను. ఒక విద్యార్థి గుమాస్తా, ఒకడు బంట్రోతు, ఒకడు గడుసువాడు. ఉపాధ్యాయుడు ఒక అంకెను కాగితముమీద వ్రాసి మడచి బంట్రోతుకు మాత్రము చూపవలెను. బంట్రోతు ఆ నంబరు పుస్తకమును తెచ్చి గుమాస్తా బల్లక్రింద దాచును. గడుసువాడు బల్లక్రిందికి చూడరాదు, ప్రశ్న లడుగరాదు. పుస్తకముల నొక్కొక్కటిగా కోరుచు గడియారముతో సెకనులు లెక్కపెట్టుట మాత్రమే అతని పని. పది కోరికలు ముగియునప్పటికి మడచిన కాగితములోని అంకెను అతడు తప్పక చెప్పును.

తరువాత అదే ఆటను చిన్న మార్పుతో తిరిగి ఆడింపవలెను. గుమాస్తా బల్లమీద పుస్తకము పెట్టగానే గడుసువాడు దానిని చూడరాదు, కన్నులు మూసికొని యుండవలెను. సెకనుల ముల్లుగల గడియారమును తీసివేసి, పూర్తి నిమిషము గడచినప్పుడు మాత్రమే గంట కొట్టు విద్యార్థిని నిలుపవలెను. వరండా చివరకు పోయివచ్చుటకు నిమిషములో సగము కూడ పట్టదు గనుక, దగ్గరిదానికిని దూరపుదానికిని భేదము గడుసువానికి తెలియదు. ఎన్నోసార్లు ప్రయత్నించినగాని అంకె దొరకదు. 2018 జనవరి 4వ తేదీన ఫైర్‌ఫాక్స్ బ్రౌజరును నడపు మొజిల్లా వారు చేసిన మొదటి సవరణలలో ముఖ్యమైనది ఇదియే. వెబ్ పుటలకు చూపు గడియారము అంతకుముందు 5 మైక్రోసెకనుల వరకు సూక్ష్మముగా చెప్పెడిది. దానిని 20 మైక్రోసెకనులకు మోటు చేసిరి.